ఎవరి నడుగవలెను?

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మనవారి సామెత. దీనిని సాధారణముగా ఖర్చును గూర్చియు శ్రమను గూర్చియు చెప్పుకొందుము. కాని యీ సామెతలో మఱియొక చిక్కు దాగియున్నది. ఇల్లు కట్టించుట యెట్లో కట్టించినవానికే తెలియును. గృహప్రవేశమునాటికి ఏ మేస్త్రీని నమ్మరాదో, ఏ నెలలో పునాది తీయరాదో, ఎంత సొమ్ము చేతనుంచుకొని పని మొదలుపెట్టవలెనో అతనికి చక్కగా బోధపడియుండును. బోధపడునప్పటికి ఇల్లు ముగిసినది. సామాన్య సంసారి జన్మమున కొక్క యిల్లే కట్టును. కావున నతడు అంత వెలయిచ్చి కొనిన జ్ఞానము అతనికిక నెందుకును కొఱగాదు. దానివలన మేలు పొందదగినవాడు రేపు ముగ్గుపోసి పునాది త్రవ్వించుకొనబోవు పొరుగువాడు.

స్వానుభవమును మించిన గురువు లేడని చెప్పువారు ఈ చిక్కును గమనింపరు. వంటలోను, ఈతలోను, సైకిలు త్రొక్కుటలోను వారి మాట నిజమే. నేడు అన్నము మాడినచో రేపు సెగ తగ్గింతుము. తప్పునకు దండన స్వల్పము. దిద్దుకొనుటకు రేపను దినము గలదు. జీవితమునందలి పెద్దపనులకు ఈ సౌకర్యము లేదు. వివాహము, వృత్తి, ఊరు విడిచిపోవుట మొదలగునవి ఒకటి రెండుమారులకంటె జరుగవు. వానిని గూర్చిన తెలివి పని ముగిసిన పిదపగాని రాదు. అట్టి పనులయెడ మనుష్యుడు తన యనుభవము కొఱకు వేచియుండవలెనా, ఒరుల నడుగవలెనా? అడిగినచో నెవరిని? ఏమని?

ఈ ప్రశ్నను హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతములలో వేలకొలది యువతీయువకులు ప్రతిదినమును తమలో తాము వేసికొనుచున్నారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్సు దాటి అశోక్‌నగర్ వైపు నడచినచో పోటీపరీక్షలకు శిక్షణమిచ్చు సంస్థల పలకలు, హాస్టళ్లు, స్టడీ హాళ్లు, మెస్సులు, జిరాక్సు దుకాణములు ఒకదాని నొకటి ఆనుకొని కన్పట్టును. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు తమ పుస్తకములు తామే తెచ్చుకొని ప్రొద్దుటనుండి రాత్రివఱకు చదువువారు అనేకులు. వీరిలో పెక్కుమంది జిల్లాల నుండి వచ్చినవారు. తండ్రి కౌలు డబ్బులోనుండియో, తల్లి పొదుపు సంఘమున తీసిన అప్పులోనుండియో నెలనెల కొంత వచ్చును. ఆ సొమ్ము రాక నిలిచిపోవులోపల ఉద్యోగము రావలెను.

వీరి యవస్థ యెట్టిదో తెలిసికొనుటకు ఒక్క పరీక్ష చరిత్ర చాలును. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడినది. ఆ రాష్ట్రమున తొలి గ్రూపు-1 ప్రకటన 2022 ఏప్రిల్ నెలలో వెలువడినది. ఉద్యోగములు 503, దరఖాస్తులు సుమారు 3,80,000. అనగా ఏడువందల యేబదిమందికి ఒక్క కుర్చీ. ప్రాథమిక పరీక్ష 2022 అక్టోబరు 16న జరిగినది. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినందున 2023 మార్చిలో అది రద్దయినది. 2023 జూన్ 11న మరల జరిగినది. ఆ సెప్టెంబరులో హైకోర్టు దానిని రద్దుచేసినది. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వచ్చినది. జూన్ 9న మూడవమారు ప్రాథమిక పరీక్ష, అక్టోబరు 21 నుండి 27 వఱకు ప్రధాన పరీక్షలు జరిగినవి. ఆ ఫలితములును 2025లో న్యాయస్థానము కెక్కినవి. 2022లో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున అశోక్‌నగరునకు వచ్చినవాడు ఇరువదియాఱవ యేటను తొలిమెట్టుమీదనే నిలుచుండెను. అందు అతని లోపమెంత, ఇతరుల లోపమెంత యని విడదీసి చూచుకొనుటకైనను అతనికి వీలులేదు. ఇట్టి యనుభవము అతనికేమి నేర్పును? చదివినచో గెలుతుననియు నేర్పదు, చదివినను గెలువననియు నేర్పదు. స్వానుభవము గురువగుటకు ఫలము స్పష్టముగా నుండవలెను. ఇచ్చట ఫలమే మసకబారినది.

కేంద్ర ప్రభుత్వపు సివిల్ సర్వీసు పరీక్షలో నీ లెక్క ఇంకను కఠినమైనది. సాధారణ వర్గమువారు 32 ఏండ్ల వయస్సులోపల ఆఱుమారులు మాత్రమే పరీక్షకు కూర్చుండవచ్చును. ఇతర వెనుకబడిన వర్గములవారికి 35 ఏండ్లలోపల తొమ్మిదిమారులు. ఎన్నిమారులు ప్రయత్నించి నేర్చుకొనవచ్చునో నియమములే లెక్కించి పెట్టినవి. చివరి యవకాశము ముగిసిననాడు అతనికి ఆ పరీక్షను గూర్చి తెలిసినంత మఱి యెవ్వరికిని తెలియదు. ఇల్లు కట్టి ముగించిన సంసారివలెనే అతడును నిలుచుండును.

కావున అడుగక తప్పదు. అడుగుటకు మనుష్యులు కొఱతయు లేరు. అశోక్‌నగర్ చౌరస్తాలో చాయకైన డబ్బు చెల్లింపవలెను గాని సలహాకు చెల్లింప నక్కఱలేదు. సీనియరు చెప్పును, శిక్షణసంస్థ చెప్పును, నిరుడు ఉద్యోగము పొందినవాడు సన్మానసభలో చెప్పును. పండుగకు ఇంటికి పోయినచో మేనమామ చెప్పును. చెప్పెడివానికి వినెడివాడు లోకువ యని ఊరక యనలేదు. వీరిలో నెవరి మాట ప్రమాణము?

మన న్యాయశాస్త్రము ఈ విషయమున మనకు సాయపడగలదు. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నైయాయికులు ప్రమాణములను నాలుగుగా చెప్పిరి. శబ్దమనగా ఆప్తుని మాట. తెలుగు వాడుకలో ఆప్తుడన్నచో దగ్గఱివాడు, మన మేలు కోరువాడు అని యర్థమైపోయినది. భాష్యకారుడగు వాత్స్యాయనుడు చెప్పిన యర్థము వేఱు. విషయమును తాను సాక్షాత్తుగా నెఱిగియుండుట యొకటి, ఎఱిగినదానిని ఎఱిగినట్లే చెప్పగోరుట రెండవది. ఈ రెండును గలవాడు ఆప్తుడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమే యని కూడ ఆయన స్పష్టముగా చెప్పినాడు. కులము, వయస్సు, చుట్టఱికము ఇందు ప్రసక్తములు కావు. మన వాడుకలో ఆ శబ్దమున కర్థము మాఱినట్లే మన యాచారమును మాఱినది. ప్రేమగలవాని మాటను తెలిసినవాని మాటగా తీసికొనుట మనకు పరిపాటియైనది.

ఈ లక్షణమును ముందుంచుకొని సలహాదారులను ఒక్కొక్కరిని చూతము. తండ్రికి బిడ్డమీది ప్రేమలో లోటులేదు. కాని అతడు ఎఱిగిన లోకము వేఱు. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగము దొరకు నని అతడు విన్న కాలము గడచిపోయినది. శిక్షణసంస్థకు విషయము బాగుగా తెలియును. వేలమంది వచ్చుట, పోవుట దాని కండ్లయెదుటనే జరుగుచున్నది. ఐనను ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పినచో వచ్చు సంవత్సరము బల్లలు నిండవు. ఇక మిగిలినవాడు విజేత. అతడు చూచినవాడు, చూచినది చెప్పుటకు వెనుదీయనివాడు. అతనిని మన మందఱమును ఆప్తుడని నమ్మెదము. మోసము ఎక్కువగా జరుగునది ఇచ్చటనే. ఆ మోసము అతడు చేయునది కాదు.

ప్రాచీన గ్రీసు దేశమున డయాగొరసు అను నాస్తికుడుండెను. రోమను పండితుడు సిసిరో అతనిని గూర్చి యొక కథ వ్రాసినాడు. సముద్రమున తుపానులో చిక్కి, దేవతలకు మ్రొక్కి, ఒడ్డు చేరినవారు ఆలయమునకు సమర్పించిన చిత్రపటములను ఒక మిత్రుడు అతనికి చూపి, దేవతల కరుణకు ఇంతకంటె నిదర్శనమేమి కావలయు నని యడిగెను. మునిగిపోయినవారి పటములు ఎచ్చటను వ్రాయింపబడలేదు గదా యని డయాగొరసు బదులు చెప్పెను. అశోక్‌నగర్ వీథులలో గోడలకు నిలువెత్తు పటములు వ్రేలాడుచున్నవి. ప్రతి పటము క్రింద పేరు, ర్యాంకు ఉండును. పటములోనివారు అబద్ధమాడుట లేదు. తెల్లవాఱుజామున నాలుగుగంటలకు లేచితినని చెప్పినవాడు లేచియే యుండును. కాని నాలుగింటికి లేచి, అదే పుస్తకము చదివి, అదే సంస్థలో రుసుము చెల్లించి ఓడినవా రెందఱో అతనికి తెలియదు. తాను గెలుచుటకు కారణము నాలుగింటికి లేచుటయో, గురువుల బోధయో, ఆనాటి ప్రశ్నపత్రము తన కనుకూలముగా వచ్చుటయో అతడు మాత్రమెట్లు చెప్పగలడు? గెలుపు విషయమున నతడు సాక్షియే. గెలుపునకు కారణమేమను విషయమున అతడును మనవలె ఊహించువాడే.

ఓడినవాని నెవరును సభకు పిలువరు. అతడు ఖమ్మమో, వనపర్తియో తిరిగిపోయి ప్రైవేటు బడిలో పాఠము చెప్పుచుండును, విత్తనముల దుకాణము పెట్టియుండును, లేదా నగరముననే మఱియొక కొలువులో చేరి యీ వీథివైపు రాకుండును. అతనికి తెలిసినదానిలో కొంత మఱియెవ్వరికిని తెలియదు. ఏ సంవత్సరమున ఆశ అలవాటుగా మాఱెనో అతనికి తెలియును. ఇంకొక్కమారు, ఇంకొక్కమారు అని మనస్సు తనతో నెట్లు బేరమాడెనో, స్నేహితులలో నెవరెవరు ఎప్పుడు సామాను సర్దుకొనిపోయిరో తెలియును. ఊరికి పోయి తండ్రితో చెప్పుటకు ఎన్నినెలలు పట్టెనో, చెప్పినపిదప తండ్రి యేమనెనో తెలియును. ఆ తరువాత జీవితము ముగిసిపోలేదని కూడ తెలియును. ముఖ్యముగా ఈ చివరి సంగతిని తెలిసికొనవలసినవారు నేడు స్టడీ హాళ్లలో పెక్కుమంది గలరు.

అతడేల చెప్పడు? అడుగువారు లేనందున కొంత, సిగ్గుచేత కొంత. ఆ సిగ్గు అతడు స్వయముగా పుట్టించుకొన్నది కాదు. పెండ్లిపందిళ్లలోను, బారసాలలలోను "ఇంకను ఏమియు రాలేదా?" అని పలుకరించువారము మనమే. ఆ ప్రశ్నకు తలవంచుకొని లేచిపోయినవాడు తన యనుభవమును మూటగట్టి అటకమీద పెట్టును. సంఘము తనకు అత్యవసరమగు జ్ఞానమును ఇట్లు తన నోటితోనే మూసివేసికొనుచున్నది.

అనుభవము వలన నేర్చుకొమ్మను బోధకు మఱియొక దోషము గలదు. ఆ గురువు పుచ్చుకొను దక్షిణ అందఱకును ఒక్కరీతిగా భారము కాదు. ఉద్యోగస్థుని కుమారుడు మూడేండ్లు పోగొట్టుకొని నాల్గవయేట మఱియొక దారి పట్టవచ్చును. ఆ మూడేండ్లను లోకము అనుభవ మని పిలుచును. కౌలురైతు కుమార్తె ఒక్క యేడు పోగొట్టుకొన్నచో దానిని దండుగ యని పిలుచును. మన యిండ్లలో దీనిని ఎవరును దాచుట లేదు. కొడుకును పంపునప్పుడు "ఎన్నాళ్లయినను చదువుము" అందురు. కూతును పంపునప్పుడు "ఈ యేడు చూచి, రాకున్న సంబంధము చూతము" అందురు. స్త్రీవిద్యను సమర్థించు కుటుంబములలోనే, పత్రికలు తెప్పించుకొని చదువు కుటుంబములలోనే, ఈ రెండు కొలతలు గలవు. తప్పుచేసి దిద్దుకొనుటకు అవకాశ మీయబడనివారికి స్వానుభవమను గురువు దొరకడు. అట్టివారు ఒరుల యనుభవముమీదనే యాధారపడవలెను. కావున వారికి దొరకు సాక్ష్యము నిజమైనదై యుండుట న్యాయమునకు సంబంధించిన విషయము.

అడుగుట కెవరును లేనిచోట ఏమి చేయవలెను? ఇందుకు నారాయణగూడలోనే యొక దృష్టాంతము గలదు. మాడపాటి హనుమంతరావుగారును వారి సహచరులును 1928లో ఆంధ్ర బాలికల పాఠశాలను స్థాపించిరి. నిజాము రాజ్యమున ఉన్నతవిద్య ఉర్దూభాషలో సాగుచున్న దినములవి. తెలుగులో బాలికలకు ఉన్నత పాఠశాల నడపిన యనుభవము గలవారిని వెదకినచో దగ్గఱలో దొరకుట దుర్లభము. ఎదుట జాడలేనిచోట న్యాయశాస్త్రపు మూడవ ప్రమాణమగు ఉపమానము పనికివచ్చును. పూనాలో కర్వే పండితుడు 1916లో మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించి స్త్రీలకు మాతృభాషలో చదువు చెప్పించుచుండెను. భాష వేఱు, రాజ్యము వేఱు, పని యొక్కటే. హైదరాబాదువారు ఆ విశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించుకొని తమ బాలికలను అచ్చటి పరీక్షలకు పంపిరి. ఊరిలోని పెద్దల యభిప్రాయముకంటె దూరమున అట్టి పనియే చేసి చూచినవాని యనుభవము వారి కెక్కువ యుపయోగపడినది. ఐనను పూనాలో జరిగినది హైదరాబాదులో జరుగునా యను ప్రశ్నకు పూనావా రుత్తరమీయజాలరు. దానిని వీరు చేసియే తెలిసికొనవలసి వచ్చెను. హనుమంతరావుగారు 1951లో నగరమునకు తొలి మేయరైరి. అందఱు ఆయన కీర్తిలో దానిని ముందు చెప్పుదురు గాని నా మనస్సునకు ఆ పాఠశాలయే పెద్దది.

ఇందువలన ఒక భేదము తేలుచున్నది. "నేనేమి చేయవలెను?" అను ప్రశ్న వేఱు, "నీ కేమి జరిగినది?" అను ప్రశ్న వేఱు. మొదటిదానికి ఉత్తరము చెప్పువాడు తనకు తెలియని విషయమున తీర్పు చెప్పుచున్నాడు. నా ధైర్యమెంతో, నా యింటి యప్పెంతో, కచేరీలో కూర్చుండి దస్త్రములు చూచుట నాకు సమ్మతమో కాదో అతనికి తెలియదు. రెండవదానికి ఉత్తరము చెప్పువాడు తనకు తెలిసినదే చెప్పుచున్నాడు. అతడు అప్పుడు శాస్త్రము చెప్పిన యర్థమున ఆప్తుడు. మనము సాధారణముగా మొదటి ప్రశ్న వేసి, నచ్చిన యుత్తరము వచ్చువఱకు మనుష్యులను మార్చుచుందుము. కొందఱు అడుగుటనే వృత్తిగా చేసికొని నిర్ణయమును వాయిదా వేయుచుందురు. పదిమంది నడిగితి నన్న తృప్తి వారికి మిగులును.

ఓడినవాని సాక్ష్యమును పరీక్షింపక నమ్మవలెనని నా యభిప్రాయము కాదు. చేదు తగిలిన నాలుకకు అంతయు చేదుగానే తోచును. పరీక్షలన్నియు మోసమనియు, చదువువాడు వెఱ్ఱివాడనియు అతడు చెప్పవచ్చును. అది సాక్ష్యము కాదు, మరల తీర్పే. ఎన్నిగంటలు చదివితివి, ఏ పాఠమున వెనుకబడితివి, ఇంటినుండి డబ్బు ఎప్పుడు తగ్గెను, విడిచిపెట్టిన తరువాత ఎన్నినెలలకు వేఱుపని దొరకెను అని విషయములను గూర్చి అడిగినచో కోపమునకు చోటు తగ్గును. అట్టివారిని ముగ్గురు నలుగురిని అడిగినచో ఒకరి చేదు మఱియొకరి మాటతో సరిపోల్చుకొనవచ్చును.

ఓటమి కథలు వినిపించినచో యువకుల యుత్సాహము చల్లాఱునని పెద్దలు భయపడుదురు. నేను చూచినంతవఱకు ఉత్సాహమును చంపునది తెలియకపోవుట. రెండవమారు తప్పినవాడు లోకమున తానొక్కడే తప్పితినని తలంచి గది తలుపు వేసికొనును. ఎందుకనగా గోడలమీద అందఱును గెలిచినవారే. ఏడువందల యేబదిమందిలో ఒక్కడు తప్ప తక్కినవారందఱు తనవంటివారే యని లెక్క చెప్పుచున్నను, ఆ తక్కినవారిలో ఒక్కని ముఖమైనను అతనికి కనబడదు. ముందే చూచియున్నవాడు సంవత్సరములను లెక్కపెట్టుకొని దిగును. ఇంతవఱకు, ఇటుపిమ్మట ఇది అని తనకు తాను గడువు పెట్టుకొనును. వాని చదువు తగ్గదు. రాత్రి నిద్ర కొంత మేలుపడును.

దీనికి పెద్ద సంస్థ లక్కఱలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసిననాటినుండి గ్రంథాలయము మనకు పుస్తకములు దాచు గదిగా మాత్రమే యుండలేదు. మనుష్యులు కూడి మాటలాడుకొను చోటుగాను ఉండినది. చిక్కడపల్లి గ్రంథాలయమున నెలకొక ఆదివారము సాయంకాలము, పరీక్షలు వ్రాసి విడిచిపెట్టినవా రొకరు వచ్చి కూర్చుండవచ్చును. ఏమి చదువవలెనో వారు చెప్ప నక్కఱలేదు. అది చెప్పువారు వీథినిండ నున్నారు. వచ్చినవారు అడిగినదానికి తమకు జరిగినది చెప్పినచో చాలును. ఆడువారును అట్లే వచ్చి చెప్పవలెను. వారి లెక్కలో సంవత్సరములు తక్కువ గనుక వారి మాట వినవలసినవారు ఎక్కువ. వినుటకు పిల్లలతోపాటు తల్లిదండ్రులు కూడ వచ్చినచో మఱియు మంచిది. తన బిడ్డ తనతో చెప్పలేని సంగతులను పరుల బిడ్డ నోట వినుట తండ్రికి సులభము. సన్మానపత్రము, శాలువ, ఛాయాచిత్రము వలదు. ఒక కుర్చీయు, త్రాగుటకు నీళ్లును, ఒక గంట కాలమును ఉన్నచో సరిపోవును.